కారం మిల్లు పెంచుదామనుకుంటున్నాం, ఐదేళ్లకి ఎంత కెపాసిటీ పెట్టాలి?

మిల్లు_గుంటూరు:
అందరికీ నమస్కారం. గుంటూరు పక్కన మాకు చిన్న కారం మిల్లు ఉంది. రెండు పల్వరైజర్లు (కాయని పొడి చేసే మిషన్లు), రెండూ కలిపి గంటకి 500 కిలోలని మిషన్ ప్లేటు మీద ఉంది. రోజూ 16 గంటలు నడుపుతాం. ఒక ఎక్స్‌పోర్టు పార్టీ వచ్చే ఏడాది నుంచి రెట్టింపు సరుకు తీసుకుంటానంటున్నాడు. బ్యాంకు వాళ్లు ఐదేళ్ల లెక్క అడిగారు. గంటకి టన్ను ఆడే కొత్త లైను పెట్టేద్దామని నాన్న, ఆగమని బావ. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_ప్లానింగోడు:
రోజుకి నిజంగా ఎంత ఆడుతున్నారు? ప్లేటు లెక్క వద్దు.

మిల్లు_గుంటూరు:
4 టన్నులు. బాగా నడిచిన రోజు 4.2.

పాత_ప్లానింగోడు:
అనుకున్నా. ప్లేటు ప్రకారం 8 టన్నులు రావాలి. అది డిజైన్ కెపాసిటీ, కాగితం మీదే ఉంటుంది. తేజ రకం కాయ ఆడి బ్యాడిగి రకానికి మారేటప్పుడు శుభ్రం చేయడం, జల్లెడ మార్చడం, మిషన్ వేడెక్కితే రంగు పోతుందని ఆపడం, కరెంటు పోవడం, ఇవన్నీ తీసేస్తే 6 మిగులుతుందనుకుందాం. అందులో మీరు ఆడేది 4.2, అంటే 70 శాతం. మిగతా 1.8 టన్నులు ఎక్కడ పోతోందో తేలకుండా కొత్త లైను పెడితే అదీ అక్కడికే పోతుంది. పది రోజులపాటు పల్వరైజర్ ఆగిన ప్రతిసారీ టైమూ కారణమూ గోడ మీద సుద్దతో రాయించండి. కంప్యూటర్ అక్కర్లేదు.

ఆటోనగర్_షెడ్డు:
విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీ షెడ్డు. నా బుద్ధి తక్కువ పని చెబుతా, విని నవ్వుకోండి. 2018 మొదట్లో ఆర్డర్లు క్యూ కట్టాయి. అప్పు తెచ్చి రెండు బేలు, అంటే లారీ నిలిపి పనిచేసే చోట్లు, పెంచాను. ఆ జులైలో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితి పెంచింది. ఉన్న లారీలోనే ఎక్కువ సరుకు వేసుకోవచ్చంటే కొత్త లారీ ఎవడు కొంటాడు? తర్వాత 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి బీఎస్6 పొగ నిబంధనలు, దాంతోపాటే లాక్‌డౌన్. ఆ రెండు బేలలో చాలాకాలం మా బామ్మర్ది కారు పెట్టుకున్నాడు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. నా క్యూలో ఉన్న ఓనర్లలో కొందరు పక్క రెండు షెడ్లలో కూడా అడ్వాన్సు కట్టారు, ఎవడు ముందు ఇస్తే వాడి దగ్గర చేయించుకుందామని. ఒక్క లారీ మూడు ఆర్డర్లుగా కనిపించింది. మీ ఎక్స్‌పోర్టు పార్టీ కూడా ఈ మాటే ఇంకో నాలుగు మిల్లుల్లో చెప్పి ఉంటాడేమో కనుక్కోండి.

మసాలా_బెజవాడ:
ఆగితే పోయేదీ ఉందండి. మేం గిరాకీ వచ్చాక పెంచుదామని కూర్చున్నాం. షెడ్డు, ట్రాన్స్‌ఫార్మర్, మిషన్ అన్నీ అయ్యేసరికి ఏడాదిన్నర. పార్టీ ఈలోగా ఖమ్మం వైపు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆర్డర్ కన్నా ముందు పెంచితే వడ్డీ పోతుంది, వెనక పెంచితే పార్టీ పోతాడు. ఏది భరించగలరో మీరే చూసుకోవాలి.

కోల్డ్_మేనేజర్:
అందరూ మిషన్ గురించే మాట్లాడుతున్నారు. నేను కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను, నాకు కనిపించేది టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. కాయ మిర్చి యార్డుకి వచ్చేది ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా. ఏడాదంతా మిల్లు ఆడాలంటే ఆ నెలల్లోనే కొని మా దగ్గర పెట్టాలి. రోజుకి 8 టన్నులు, 300 రోజులు అంటే 24,000 క్వింటాళ్లు. క్వింటా 11,000 ఉంటే 26 కోట్ల పైమాట, 20,000 అయితే 48 కోట్లు. సగం సరుకే నిల్వ పెట్టినా ఆ డబ్బు ఎక్కడిది? మిషన్ లోను దీని ముందు చిల్లర.

ఐదేళ్లు కాయ ఒకలా ఉండదు కూడా. 2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. 2025 మొదట్లో ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. బ్యాంకుకి ఏటా 15 శాతం పెరుగుతుందని ఒకే గీత గీసి ఇవ్వకండి. కాయ దొరకని ఏడాది, ధర పడిన ఏడాది, మామూలు ఏడాది, మూడు లెక్కలూ వేయండి. దొరకని ఏడాదిలో కూడా కిస్తీ కట్టగలిగే సైజు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఆటోనగర్_షెడ్డు:
ఈయన చెప్పింది నాకు 2018లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పాత_ప్లానింగోడు:
నాదో మధ్యే మార్గం. స్థలం, షెడ్డు పునాది, కరెంటు గది పెద్ద లైనుకి సరిపడా ఇప్పుడే చేయండి, తర్వాత పగలగొట్టి పెంచడం నరకం. మిషన్లు మాత్రం విడతలుగా. కరెంటు లోడు కూడా మొదటి విడతకి ఎంత కావాలో అంతే తీసుకోండి, వాడకపోయినా డిమాండ్ ఛార్జీ పడుతుంది.

మసాలా_బెజవాడ:
ఇది చెప్పినంత తేలిక కాదు సార్. చిన్న మిషన్లు రెండు కొంటే పెద్దదాని కన్నా ఖర్చెక్కువ, కరెంటూ మనుషులూ ఎక్కువే.

పాత_ప్లానింగోడు:
నిజమే. ఆ ఎక్కువని ఇన్సూరెన్సు ప్రీమియం అనుకోండి. ఒకటి పాడైతే రెండోది ఆడుతుంది కదా.

మిల్లు_గుంటూరు:
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, లేటుకి క్షమించండి. గోడ మీద రాయించాను. పల్వరైజర్ ఆగిన టైములో సగం పైన ఒకే కారణం: తొడిమ తీసిన కాయ అందలేదు! ఆ పనికి వచ్చే ఆడవాళ్లు కోతల టైములో పొలాలకి పోతున్నారు. తాలు కాయలు ఏరడం కూడా వాళ్లదే. మిషన్ ఖాళీగా తిరగకూడదని మావాళ్లు ఆపేసి టీకి వెళ్తున్నారు. నేను అది కరెంటు సమస్య అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

పార్టీని రాతపూర్వకంగా ఇవ్వమంటే రెట్టింపు కాస్తా "ముప్పై శాతం ఎక్కువ, చూద్దాం" అయింది. ఆ ముప్పై శాతం ఉన్న పల్వరైజర్లతోనే వచ్చేలా ఉంది. ముందు తొడిమ తీసే మిషన్‌కి కొటేషన్ అడిగాను. నాన్న ఇంకా మాట్లాడట్లేదు, పెద్ద లైను వీడియోలు చూస్తున్నారు. తేజకి తొడిమ మిషన్ వాడినవాళ్లు ఉంటే కాయ ఎంత విరుగుతోందో చెప్పండి.