స్వర్ణముఖికి ‘సీనిక్ రివర్’ హోదా అడగొచ్చా? అర్జీలో ఏం రాయాలి?

ఏటిగట్టు (చంద్రగిరి):
మాది చంద్రగిరి పక్కన ఏటి ఒడ్డు పల్లె. మా అక్క కొడుకు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి, అక్కడ రోగ్ అనే నదికి చట్టమే కాపలా ఉందని, దాని మీద ఆనకట్ట కట్టకూడదని చెప్పిపోయాడు. అప్పటి నుంచి మా రచ్చబండ దగ్గర ఇదే మాట. స్వర్ణముఖి పై భాగాన్ని, తలకోన వాగుల్ని అట్లా ప్రకటించమని కలెక్టర్ గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం.

తగువు ఎక్కడొచ్చిందంటే, అక్కడ వైల్డ్ (అడవి), సీనిక్ (సుందర), రిక్రియేషనల్ (వినోద) అని నదులకి మూడు తరగతులంట. ‘వైల్డ్’ అని రాస్తేనే గట్టి రక్షణ అని కుర్రాళ్లు, ‘సీనిక్’ చాలు అని పెద్దవాళ్లు. రిక్రియేషనల్ అంటే బోటింగ్ పెట్టి టికెట్లు కొడతారని అందరికీ భయం. అసలు మన దేశంలో ఈ చట్టం ఉందా? వస్తే రైతుల మోటార్లు పీకేస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి. మా ఏట్లో ఇప్పుడు ఇసుక కన్నా సర్కారు తుమ్మే ఎక్కువ. నవ్వకండి.

పాతఫైళ్లు (తిరుపతి):
నీటిపారుదల ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరైన వాణ్ణి. నవ్వను గానీ, ఆ అర్జీ ఇంకా టైపు కొట్టించకపోతే కాసేపు ఆపండి.

అమెరికా చట్టం 1968 అక్టోబరు 2న వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టాడు. మొదటి విడతలో ఎనిమిది నదులు, అందులో మీవాడు చెప్పిన రోగ్ ఒకటి. ఆ మూడు తరగతులు అందానికి వేసే మార్కులు కావు. ప్రకటించే రోజుకి ఒడ్డున ఏమేం కట్టి ఉన్నాయో చూసి వేసే లెక్క. ఆనకట్ట లేకుండా, కాలిబాట తప్ప దారి లేకుండా, నీళ్లు శుభ్రంగా ఉంటే వైల్డ్. ఆనకట్ట లేదు, ఒడ్డు దాదాపు అడవే, కానీ అక్కడక్కడా రోడ్డు ఏటిదాకా వస్తుంది అంటే సీనిక్. రోడ్డో రైలో పక్కనే ఉండి, ఒడ్డున ఇళ్లూ పొలాలూ ఉండి, గతంలో నీళ్లు మళ్లించిన గుర్తులున్నా రిక్రియేషనల్‌లో వేస్తారు. టికెట్ల గొడవ కాదు.

ఒకే నదిలో మూడూ ఉండొచ్చు. రోగ్‌లో రక్షణ ఉన్నది సుమారు 84 మైళ్లు. అందులో వైల్డ్ 34 మైళ్ల లోపే, సీనిక్ ఏడెనిమిది, మిగతా సగానికి పైగా రిక్రియేషనలే. ఆనకట్టల నిషేధం మాత్రం మూడింటికీ ఒకటే. అక్కడ జలవిద్యుత్ లైసెన్సులిచ్చే కమిషన్ ఆ భాగంలో కొత్త ప్రాజెక్టుకి అనుమతి ఇవ్వకూడదు. అసలు బలం అదీ. కాబట్టి మీ కుర్రాళ్లూ పెద్దవాళ్లూ కొట్టుకుంటున్నది పైపేరు కోసమే.

ఇప్పుడు మన ఏరు. చంద్రగిరి దగ్గర ఒక పక్క హైవే, ఒక పక్క రైలు, ఉపనది కల్యాణి మీద 1977 నాటి డ్యామ్. ఆ కొలతతో చూస్తే మీ ఊరి దగ్గర మీరెంత అరిచినా రిక్రియేషనలే. తిరుమల మీది పాపవినాశనానికే డ్యామ్ ఉంది, ఇక వైల్డ్ ఎక్కడ వెతుకుతారు?

మన దేశంలో నది అందాన్ని కాపాడమనే చట్టం లేదు. మన నదుల వర్గీకరణ నీటి వాడకాన్ని బట్టి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులు పెట్టింది. క్రిములు చంపితే చాలు తాగొచ్చు అనేది ఎ, స్నానానికి పనికొచ్చేది బి, శుద్ధి చేస్తేనే తాగేది సి, చేపలకీ అడవి జంతువులకీ డి, సేద్యానికీ ఫ్యాక్టరీ చల్లదనానికీ ఇ. స్నానపు నీళ్లలో బీఓడీ (నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి వాడుకునే ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇందులో ఒడ్డు గురించి ఒక్క ముక్క లేదు. ఏరు కాలువలా మారినా నీళ్లు బాగుంటే ఎ కిందే వేస్తారు!

కొండకింద వడ్డిపల్లె:
సార్, ఇదంతా బాగుంది. మా వైపు రాత్రి ఇసుక ట్రాక్టర్లు ఆగాలంటే ఏ తరగతి కావాలి? ఏట్లో గుంత పడితే ఒడ్డు మీద బావి ఎండిపోతుంది. మా ఊటకాలువ మా తాత కాలంలో ఎండాకాలం కూడా పారేది. ఇప్పుడు దాంట్లో మేకలు పడుకుంటాయి. చట్టం పేరు మారిస్తే ట్రాక్టరు ఆగదు.

ఒరెగాన్ కోడలు (పీలేరు ఆడపడుచు):
అన్నా, భూమి గురించి రెండు మాటలు. ఇక్కడ నదికి ప్రకటన వచ్చినంత మాత్రాన ఒడ్డున రైతు పొలం ప్రభుత్వానిది అయిపోదు. హద్దు లోపలి భూమి సగటున నది మైలుకు 320 ఎకరాలు దాటకూడదు, అంటే ఇటు పావు మైలు, అటు పావు మైలు. అందులో సొంత భూములూ ఉంటాయి, వాటి మీద కట్టడాల నిబంధనలు ఎక్కువగా కౌంటీ (మన జిల్లా లాంటిది) చేతిలోనే. మేమిక్కడ రోగ్‌లో రాఫ్టింగ్‌కి వెళ్తే ఒడ్డునే ఇళ్లు కనిపించాయి. ఇంకోటి, పార్లమెంటు లాంటి వాళ్ల కాంగ్రెస్ ద్వారానే రావాలని లేదు. రాష్ట్రం ముందు తన చట్టంతో కాపాడుకుంటే గవర్నరు అడగొచ్చు, కేంద్ర అంతర్గత శాఖ మంత్రి ప్రకటించొచ్చు. మెయిన్ అనే రాష్ట్రంలో అలగాష్ నది 1970లో అట్లాగే వచ్చింది.

ఏటిగట్టు:
అంటే మేము అడగడానికి చోటే లేదా పెద్దాయనా?

పాతఫైళ్లు:
ఉంది నాయనా, పేరు వేరే. తలకోన సంగతి వదిలేయండి, అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది, 1989 నుంచే. 1972 వన్యప్రాణి చట్టంలో 35(6) సెక్షన్ చదవండి. జాతీయ పార్కు లోపలికి వచ్చే నీళ్లని గానీ బయటికి పోయే నీళ్లని గానీ అనుమతి లేకుండా మళ్లించకూడదు, ఆపకూడదు, పెంచకూడదు. ఆ అనుమతి కూడా వన్యప్రాణుల మేలు కోసమే ఇవ్వాలి. మన దగ్గర వైల్డ్‌కి దగ్గరి చుట్టం ఇదే.

పార్కు బయట ఉన్న ఏటికి 1986 పర్యావరణ చట్టం కింద ఎకో సెన్సిటివ్ జోన్ (పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతం) హోదా అడగొచ్చు. గోముఖ్ నుంచి ఉత్తరకాశి దాకా భాగీరథికి 2012 డిసెంబరులో అట్లాగే వచ్చింది, సుమారు వంద కిలోమీటర్ల నది. పెద్ద విద్యుత్ ప్రాజెక్టులకి అక్కడ తలుపు మూసేశారు. కానీ అది గంగ, ఢిల్లీలో పలుకుబడి ఉన్న నది. మనది రెండు వానలకి పొంగి, నెల తిరక్కుండా దాక్కునే ఏరు. వెంటనే వస్తుందని నేను చెప్పను.

వడ్డిపల్లె అన్న అడిగినదానికి హోదా అక్కర్లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇసుక తవ్వకానికీ వర్తిస్తుంది. అదే కాక, 2012లో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజ లీజులకీ పర్యావరణ అనుమతి కావాలంది. మీ రీచ్‌కి (ఏట్లో ఇసుక తవ్వే చోటుకి) ఆ అనుమతి ఉందో లేదో సమాచార హక్కు కింద అడగండి, సర్వే నంబరుతో సహా. నంబరు లేకపోతే ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఉత్తరం వస్తుంది. అట్లాంటి ఉత్తరాలు నా చేత్తోనే చాలా కట్ట కట్టాను.

ఏటిగట్టు, మీ అర్జీలో ‘సుందర’ అనే మాట తీసేసి ఏరు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఏ గట్టు ఏ సర్వే నంబరో రాయండి. ఎఫ్‌ఎమ్‌బి (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకలు తీసుకురండి, హద్దు నేను గీసిస్తాను. పెన్సిలుతోనే గీస్తాను, మీ ఊళ్లో తగువు తేలాక సిరా పెడదాం.

ఏటిగట్టు:
సోమవారం మండలాఫీసుకి పోతున్నా. నకలు ఫీజు ఎంతో ఎవరికైనా తెలుసా?