అప్‌డేట్: కమారో ఇంజిన్ ఒరిజినలేనా?

డాలస్‌లో 1969 కమారో (షెవ్రొలే కారు) చూశాను, అందులోని 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్ ఫ్యాక్టరీదేనని అమ్మేవాళ్లంటున్నారు, ఎలా తేల్చుకోవాలని అడిగాను కదా. తేలిపోయింది, కాదు. ఇంజిన్ మీద నంబర్లు కొట్టే చదునైన చోటు, అంటే ప్యాడ్ చూడమన్న అన్నకి చాలా థాంక్స్.

ఆల్టర్నేటర్ వెనకున్న ఆ ప్యాడ్ మీద జిడ్డంతా తుడిచాం. 19ఎన్ (షెవ్రొలే, 1969, నార్‌వుడ్ ఫ్యాక్టరీ అని), తర్వాత డ్యాష్‌బోర్డు మీది విన్ (బండి గుర్తింపు నంబరు) చివరి ఆరంకెలు ఉండాలి. ఉన్నాయి కూడా! కానీ ఫ్యాక్టరీ మిషన్ వదిలే సన్నటి సమాంతర గీతలు లేవు, నున్నగా రుద్దేశారు. అనుమానమొచ్చి ఇంజిన్ బ్లాక్ (ఇంజిన్ ప్రధాన దిమ్మ) వెనక పోతపోసిన తేదీ వెతికితే డి 12 3 అని ఉంది. డి అంటే నాలుగో నెల, చివరి 3 సంవత్సరం చివరంకె, కాబట్టి ఏప్రిల్ 12, 1973 అన్నమాట. (1963 కూడా కావచ్చు కదా అంటే, దీని పోత నంబరు 3970010, ఆ బ్లాక్ 1963లో లేనే లేదు.)

ఇంజిన్ మార్చడం తప్పేం కాదు, నంబర్లు కొట్టి ఒరిజినల్ అనడం మాత్రం పచ్చి మోసం. బాడీ చక్కగా ఉంది కాబట్టి, ఇంజిన్ మారిన బండి ధరకిస్తే తీసుకుంటానన్నాను.