ఉబుంటు షెల్‌లో గిట్ ఫైళ్ళన్నీ మారినట్లు చూపుతోంది, సరిచేయడం ఎలా?

నమస్కారం. విండోస్ 11 కంప్యూటర్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) ద్వారా ఉబుంటు వేసుకుని, బాష్ షెల్‌లో పైథాన్ నేర్చుకుంటున్నాను. సీ డ్రైవ్‌లో ఇదివరకే ఉన్న ప్రాజెక్టు ఫోల్డరును ఉబుంటు నుంచి తెరిచి గిట్ (ఫైళ్ళలో మార్పులను నమోదు చేసే సాధనం) స్టేటస్ అడిగితే, నేను ముట్టుకోని ఫైళ్ళు కూడా మారినట్లు చూపుతోంది. అదే ఆదేశాన్ని పవర్‌షెల్‌లో ఇస్తే మార్పులేమీ లేవంటోంది. డిఫ్‌లో, అంటే మార్పుల తేడా చూపే చోట, వరుసల చివర క్యారేజ్ రిటర్న్ గుర్తు (విండోస్ వరుస ముగింపులో అదనంగా ఉండే అక్షరం) కనబడుతున్నందున, వరుస ముగింపులను గిట్ తానే మార్చేలా చేసే ఆటోసీఆర్ఎల్ఎఫ్ అమరిక విండోస్ వైపు మాత్రమే ఉండడం కారణమని అనుకుంటున్నాను. వరుస ముగింపుల నియమాన్ని ప్రాజెక్టులోనే రాసిపెట్టే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు చేర్చితే సరిపోతుందా, లేక ఉబుంటు హోమ్ డైరెక్టరీలోకి ప్రాజెక్టును కొత్తగా క్లోన్ (నకలు) చేసుకోవడం మేలా? సీ డ్రైవ్ ఫైళ్ళను లైనక్స్ వైపు నుంచి చదవడం నెమ్మది కనుక రెండోదానికే మొగ్గుతున్నాను. అయితే ఇంకా పుష్ చేయని (సర్వర్‌కు పంపని) రెండు బ్రాంచీలు, అంటే విడిగా సాగుతున్న పని శాఖలు, పాత ఫోల్డరులోనే ఉన్నాయి, వాటిలో మూడు నెలల శ్రమ ఉంది. వాటిని పోగొట్టుకోకుండా తరలించే పద్ధతిని తెలిసినవారు దయచేసి వివరించగలరు.