‘బెల్స్ ఆఫ్ శాన్ ఏంజెలో’ (1947) పూర్తిగా చూసినవాళ్ళు ఉన్నారా?

పాతరీలు: రాయ్ రోజర్స్ పాటల కౌబాయ్ సినిమాలు వరసపెట్టి చూస్తున్నాను. ఇది అమెరికా, మెక్సికో సరిహద్దులో వెండి స్మగ్లింగ్ కథ, రాయ్ అక్కడి సరిహద్దు దర్యాప్తు అధికారి. నాకు దొరికిన ప్రింట్ గంట కూడా లేదు, పైగా నలుపు తెలుపు. సగంలోకి వచ్చేసరికి ఎవరు ఎటువైపో అంతుపట్టలేదు.

గోదారిగట్టు: మీరు చూసింది టీవీ కోసం కత్తిరించినది అయ్యుంటుందండీ. దీన్ని తీసిన రిపబ్లిక్ స్టూడియో వాళ్ళ కౌబాయ్ సినిమాలు చాలావాటిని ప్రకటనలు పోను గంటలో పట్టేలా సుమారు 54 నిమిషాలకు కుదించారు. అసలుది 78 నిమిషాలు, కలర్. కత్తెర పడితే ముందు పోయేవి పాటలూ సరదా సీన్లూ. డేల్ ఎవాన్స్ ఇందులో వెస్టర్న్ నవలల రచయిత్రి, పాత్ర పేరు లీ మాడిసన్. రాయ్‌కీ ఆమెకీ మధ్య కవ్వింపులు పోతే సినిమాలో సగం ప్రాణం పోయినట్టే. అదే ఏడాది డిసెంబర్ 31న వాళ్ళకి నిజంగానే పెళ్ళయింది.

సీమపిల్ల: మెక్సికో వెండిని గుట్టుగా ఇవతలికి తెచ్చి అమెరికా గనిలో తవ్విందని చూపించడం, అదీ దొంగల ప్లాన్. ఇంత కష్టం దేనికి అని నాకూ అనిపించింది కానీ, 1946 చట్టం ప్రకారం అమెరికా గనుల్లో కొత్తగా తీసిన వెండికి ప్రభుత్వం ఔన్సుకు 90.5 సెంట్లు ఇచ్చేది, 1947లో బయటి మార్కెట్ ధర అంతకంటే తక్కువ, అది తెలిశాక కథ గట్టిగా నిలబడింది.

రీలుబాబాయ్: నాకు మాత్రం ఆ కొట్లాటే గుర్తుండిపోయింది. గిటారు పట్టుకునే హీరో కదా, దెబ్బ తగలకుండా గెలుస్తాడులే అనుకుంటాం. రౌడీలు అతన్ని పట్టుకుని చితకబాదుతారు, ముఖమంతా రక్తం, అదీ రంగుల్లో. దర్శకుడు విలియం విట్నీ అంతకుముందు రిపబ్లిక్‌లో సీరియల్స్ తీసినవాడు, యుద్ధంలో మెరైన్స్‌తో పనిచేసి వచ్చాడు. వచ్చాక రాయ్ సినిమాలు బాగా మొరటుదేరాయి. నాకది నచ్చింది.

సీమపిల్ల: నాకు నచ్చలేదు బాబాయ్ గారూ. పక్క సీన్‌లో సన్స్ ఆఫ్ ది పయనీర్స్ పాటల బృందం హాయిగా పాడుతుంటే ఆ రక్తం అతకలేదు.

పాతరీలు: రంగులు ఎలా ఉన్నాయి?

గోదారిగట్టు: ఈ సినిమాకి వాడిన కలర్ పద్ధతి ట్రూకలర్, అప్పట్లో అది రెండు రంగుల పద్ధతే. ఆకాశం అసలు నీలంలో కనిపించదు, కాస్త పచ్చదనం కలుస్తుంది. గుర్రం ట్రిగ్గర్ ఒంటి బంగారు వన్నె మాత్రం అదిరిపోతుంది.

కొత్తచూపు: కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) తప్ప నాకు కౌబాయ్ సినిమాలు తెలియవు. ఇది నచ్చుతుందా?

రీలుబాబాయ్: అది ఇటలీ వెస్టర్న్‌ల బాట, ఇది వేరే రకం. ఇక్కడ హీరో మంచివాడు, గుర్రమెక్కి పాడతాడు, దొంగల్ని పట్టుకుంటాడు. అది ఒప్పుకుని కూర్చుంటే చక్కగా సాగిపోతుంది. ఇంకో పాటల కౌబాయ్ జీన్ ఆట్రీ ‘డౌన్ మెక్సికో వే’ (1941) కూడా చూడండి, సినిమా తీస్తామని ఊరి జనం డబ్బు నొక్కేసిన మోసగాళ్ళ వెంట సరిహద్దు దాటి వెళ్ళే కథ. ఏది పెట్టుకున్నా ముందు నిడివి చూసుకోండి, 54 నిమిషాలుంటే వదిలేసి ఇంకో ప్రింట్ వెతకండి.