క్రియేటివ్ టెక్ ఫెస్టివల్‌లో మనుషుల్ని కలవడం ఎలా? (చర్చ)

వైరుముడి:
కళనీ టెక్నాలజీనీ కలిపి చూపే ఫెస్టివల్ అంటే ఆస్ట్రియాలోని ఆర్స్ ఎలెక్ట్రానికా లాంటి పెద్ద పండగ కావచ్చు, రెండొందల మంది చేరే చిన్నది కావచ్చు. ప్రదర్శనలన్నీ చూసి రావడం తేలికే. ఆర్నెల్ల తర్వాత మెయిల్ పెట్టినా జవాబిచ్చే నలుగురిని సంపాదించుకోవడమే కష్టం. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం పట్టుకెళ్లాలి, ఎక్కడ ఉండాలి, ఏం అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

సోల్డర్‌పొగ:
మీ పని చూపించే, అరచేతిలో పట్టే డెమో ఒకటి తీసుకెళ్లండి. కార్డు ఇస్తే జేబులోకి పోతుంది. వెలిగే వస్తువు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి "ఇదెలా పనిచేస్తోంది?" అని వాళ్లే అడుగుతారు.

ఈఎస్‌పీ32 (వై-ఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు), 16 డబ్ల్యూఎస్2812బి (రంగులు మార్చే) ఎల్ఈడీల రింగు, ముట్టుకుంటే పసిగట్టే టచ్ పిన్నుకి అతికించిన రాగి టేపు ముక్క చాలు. ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే రింగు మొత్తానికి దాదాపు ఒక ఆంపియర్. వెలుగు పావు వంతుకి దించితే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు రోజంతా వస్తుంది, చూసేవాళ్ల కళ్లూ చెదరవు.

ఎక్కువగా మొరాయించేది ఇక్కడే: రింగు ఆరిపోయి ఉన్నప్పుడు కరెంటు వాడకం బాగా పడిపోతుంది. ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోతుంది. ఎవరైనా వచ్చి ముట్టుకునేసరికి చీకటి. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు కూడా రింగు మెల్లగా వెలిగి ఆరుతూ ఉండేలా ప్రోగ్రాం రాయండి, లేదా తక్కువ కరెంటు మోడ్ ఉన్న బ్యాంకు కొనండి.

సిగ్నల్‌వేట:
దానికి రెండు మాటలు కలుపుతాను.

విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. డెమోని మూత ఉన్న పారదర్శక డబ్బాలో పెట్టండి. టేపు చుట్టిన వైర్ల గుత్తి చూస్తే తనిఖీలో తప్పకుండా ఆపుతారు.

రెండోది: డెమో వై-ఫై మీద ఆధారపడకూడదు. మామూలు ఈఎస్‌పీ32కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే దిక్కు, అందులో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే (1, 6, 11). హాల్లో వందల ఫోన్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. సొంత రౌటర్ పెట్టుకున్నా వాడేది అవే చానెళ్లు కాబట్టి లాభం లేదు. ఇంట్లో నిక్షేపంగా పనిచేసింది అక్కడ పడిపోయేది ఇందుకే.

పక్కవరుస:
డెమో మంచిదే, కానీ అది లేకపోయినా పరిచయాలవుతాయి. ఉపన్యాసాలు తగ్గించి వర్క్‌షాపులు పెంచండి. ఉపన్యాసంలో పక్కపక్కన కూర్చున్నా అందరూ వేదికనే చూస్తారు. వర్క్‌షాపులో పక్కవాళ్ల ప్రోగ్రాం ఆగిపోతే మీరూ తల దూర్చాల్సిందే. మూడు గంటలు కలిసి కుస్తీ పడ్డవాళ్లు మళ్లీ మాట్లాడుకుంటారు.

సీట్లు తక్కువుంటాయి, కార్యక్రమాల పట్టిక వచ్చిన రోజే పేరు రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించుకుని ఒకసారి తెరిచి చూసుకోండి. టచ్‌డిజైనర్ (కదిలే దృశ్యాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్‌కి కూడా ఖాతా, కీ కావాలి, పైగా దాని రిజల్యూషన్ 1280×1280కే పరిమితం. ఇవన్నీ అక్కడి వై-ఫైలో మొదలుపెడితే మొదటి గంట డౌన్‌లోడుకే పోతుంది. సిద్ధంగా వెళ్తే ఆ గంట పక్కవాళ్లకి సాయం చేయొచ్చు.

ఇక ప్రశ్నలు. "దీనికి ప్రేరణ ఏంటి?" అన్నది కళాకారులు రోజుకి యాభైసార్లు వింటారు. "ఈ అద్దం గోడ మీద ఎండ పడే వేళ డెప్త్ కెమెరా ఎలా నెట్టుకొస్తోంది?" అని అడిగి చూడండి. డెప్త్ కెమెరా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు విసిరి దూరం కొలుస్తుంది, ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ ఆ చుక్కల్ని మింగేస్తుందని పని చేసినవాళ్లకే తెలుసు, కాబట్టి జవాబు చెప్పడానికి కుర్చీ లాక్కుంటారు.

రాత్రిడ్యూటీ:
వాలంటీర్‌గా చేరడం గురించి ఎవరూ చెప్పలేదు. జర్మనీలో డిసెంబర్ 27 నుంచి 30 దాకా జరిగే హ్యాకర్ల సమావేశం, కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్, నడిచేదే వాలంటీర్లతో, వాళ్లని ఏంజెల్స్ అంటారు. కేబుళ్లు లాగే పనిలోనో తలుపు దగ్గరో ఒక షిఫ్టు తీసుకుంటే మాట ఎలా కలపాలన్న బెంగే ఉండదు, పనే కలుపుతుంది. రోజుకి ఒక్క షిఫ్టే తీసుకోండి, లేకపోతే చూడాల్సినవి మిగిలిపోతాయి. అక్కడ అడగకుండా మనుషుల ఫొటోలు తీయకూడదు, ఆ నియమం చాలా గట్టిది. వేరే చోట్ల కూడా అదే పాటించండి.

ఆర్స్ ఎలెక్ట్రానికా (లింట్జ్‌లో, 1979 నుంచి) ఊరంతా పరుచుకుని ఉంటుంది. రోజుకి మూడు ప్రదర్శనలే ఎంచుకోండి. అక్కడి డీప్ స్పేస్ 8కె అనే ప్రొజెక్షన్ హాలు లాంటి చోట, గోడ మీద 16×9 మీటర్లు, నేల మీద ఇంకో 16×9 బొమ్మ చూసి బయటికొచ్చినవాళ్లకి మాట్లాడాలని ఉంటుంది. తలుపు బయట పది నిమిషాలు ఆగండి.

సోల్డర్‌పొగ:
మీ వెబ్ చిరునామా ఇవ్వడానికి ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ (ఫోన్ దగ్గర పెడితే చదివేది) బాగుంటుంది. ఎన్‌టాగ్213 రకం స్టిక్కర్‌లో 144 బైట్లు పడతాయి, ఒక వెబ్ లింకుకి చాలు. లోహం మీద అతికిస్తే చదవదు, లోహాన్ని అడ్డుకునే ఫెరైట్ పొర ఉన్నది తీసుకోవాలి. పక్కనే క్యూఆర్ కూడా అచ్చు వేయండి: రెండున్నర సెంటీమీటర్లు, చుట్టూ ఆ కోడ్‌లోని చిన్న చదరాలు నాలుగు పట్టేంత తెల్ల అంచు. అంచు కోసేస్తే చాలా ఫోన్లు పట్టుకోవు.

నోటుబుక్కు:
మాట్లాడి పక్కకి రాగానే మూడు రాసుకోండి: పేరు, వాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారు, మీరు ఏం పంపుతానన్నారు. సాయంత్రానికి ముఖాలన్నీ కలిసిపోతాయి. రెండు రోజుల్లోపు మెయిల్ వెళ్లాలి. ఇలా:

"శనివారం వర్క్‌షాపులో కలిశాం. మోటారు కదిలినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోందన్నారు. మోటారు మొదలయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోతున్నట్టుంది. దానికి వేరే సప్లై ఇచ్చి రెండింటి గ్రౌండ్ వైర్లూ కలపండి, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి. ఏమైందో చెప్తారా?"

చివరి ప్రశ్నకి జవాబు రాయడం తేలిక, అందుకే వస్తుంది. "టచ్‌లో ఉందాం" అని రాస్తే ఏం రాయాలో తెలియక వదిలేస్తారు.

వైరుముడి:
అందరికీ ధన్యవాదాలండీ. ఇంగ్లీషులో గబగబా మాట్లాడలేనివాళ్ల సంగతి?

పక్కవరుస:
చిన్న నోటుబుక్కు, లావు పెన్ను. సెన్సర్, బోర్డు, ప్రొజెక్టర్ మూడు డబ్బాలుగా గీసి మధ్యలో బాణాలు వేసి పెన్ను వాళ్ల చేతికివ్వండి. మిగతాది వాళ్లే గీస్తారు. ఆ కాగితం ఫొటో తీసుకుని మెయిల్‌కి జత చేయండి.