సైకిలు కూడా రాని నేను సెగ్వే ఎక్కవచ్చా? గోల్డెన్ గేట్ పార్కు టూర్ గురించి

లెక్కల టీచరు:

నమస్కారం. నాకు 59 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. గోల్డెన్ గేట్ పార్కును సెగ్వేల మీద తిప్పి చూపించే టూర్ ఒకటి ఉందట. వచ్చే శనివారానికి మా ముగ్గురి పేర్లూ రాయించేశాడు, నన్ను ఒక్క మాట అడగకుండా. "అమ్మా, నువ్వు ఊరికే నిలబడితే చాలు, అదే వెళ్తుంది" అంటాడు. ఊరికే నిలబడితే వెళ్లేది నాకు తెలిసి లిఫ్టు ఒక్కటే.

నాకు సైకిలు రాదు. చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, పెద్దయ్యాక నేర్చుకోవడానికి సిగ్గుపడ్డాను. స్కూటరు మీద ఎప్పుడూ వెనక సీటే. ఈ సెగ్వే వీడియోలు నాలుగైదు చూశాను. రెండు చక్రాలు, అవి కూడా సైకిలుకు ఉన్నట్టు ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కన. మధ్యలో పీట లాంటి పలక, దాని మీద మనిషి, పట్టుకోవడానికి ఒక కడ్డీ. బ్రేకు ఎక్కడా కనబడలేదు. ఇలాంటిది ముందుకో వెనక్కో బోర్లా పడకుండా ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాలేదు. అర్థం కాని వస్తువు ఎక్కడం నాకు అలవాటు లేదు.

ఎడమ మోకాలు అప్పుడప్పుడు పేచీ పెడుతుంది. టూర్ రెండున్నర గంటలట. గంటసేపు ఆగకుండా నడవగలను. ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే విషయం చెప్పండి. ధైర్యం చెప్పనక్కరలేదు, అది మా వాడు రోజుకు రెండు పూటలా చెబుతున్నాడు.

నిదానం:

టీచరుగారూ, నేను అదే పార్కులో రెండు సార్లు ఎక్కాను. మొదటిసారి పొదల్లోకి వెళ్లాను, రెండోసారి వెళ్లలేదు. కాబట్టి నా మాటకు కొంత విలువ ఉందనుకుంటాను.

ముందు మీ లెక్క సంగతి. అరచేతి మీద కర్రను నిలువుగా నిలబెట్టే ఆట మీ పిల్లలు ఆడే ఉంటారు. కర్ర ఎటు వాలితే అరచెయ్యి అటు జరుగుతుంది, అందుకే కర్ర పడదు. ఇక్కడ కర్ర మీరు, అరచెయ్యి చక్రాలు. మీరు కాస్త ముందుకు వాలగానే లోపలి గైరోస్కోపులు పసిగడతాయి, మోటార్లు చక్రాలను మీ బరువు కిందకు తోస్తాయి. సెకనుకు 100 సార్లు ఇలా సరిచూసుకుంటుందని చెబుతారు. మీరు వాలుతూనే ఉంటే అది మీ కిందకు వస్తూనే ఉంటుంది, దాన్నే మనం ప్రయాణం అంటున్నాం. వెనక్కి వాలితే ఆగుతుంది. బ్రేకు కనబడకపోవడానికి కారణం అదే, బ్రేకు మీ మడమల్లో ఉంది. తిరగాలంటే కడ్డీని ఎడమకో కుడికో వంచాలి.

సైకిలు రాకపోవడం ఇక్కడ లోటు కాదు, నిజం చెప్పాలంటే కొంత లాభం. సైకిలు వచ్చినవాడికి కంగారులో వేళ్లు బ్రేకు కోసం వెతుకుతాయి, దొరకక కడ్డీని గట్టిగా ముందుకు తోస్తాడు. ముందుకు తోస్తే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. నేను పొదల్లోకి వెళ్లింది ఇలాగే. ఎదురుగా ఒక కుక్క వచ్చింది, నా వేళ్లు లేని బ్రేకును నొక్కాయి. కుక్క మర్యాదగా పక్కకు తప్పుకుంది.

మీరు జాగ్రత్తపడవలసింది నడిపేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. 2003లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఎక్కబోయి తూలిపోయాడు. యంత్రాన్ని ఆన్ చేయకుండానే ఎక్కాడని అప్పట్లో రాశారు. కాబట్టి లైటు చూసి ఎక్కండి. ఒక కాలు పెట్టగానే అది కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అప్పుడు కడ్డీని లాగకండి, లాగితే మీ మీదకు వస్తుంది. రెండో కాలు గబుక్కున పెట్టేయండి, ఊగడం ఆగిపోతుంది. దిగేటప్పుడు వెనక్కే దిగాలి, ఒక కాలు తరువాత ఒక కాలు, రెండు పాదాలూ నేల మీద ఆనేదాకా కడ్డీ వదలకూడదు. ముందే వదిలేస్తే అది తన దారిన తాను పోతుంది.

వేగం ఎక్కువలో ఎక్కువ గంటకు 20 కిలోమీటర్లు. కొత్తవాళ్లకు అంత ఇవ్వరు, తాబేలు బొమ్మ ఉన్న నెమ్మది పద్ధతిలో పెట్టి ఇస్తారు. పరిమితి దాటబోతే పలక వెనక్కి ఒరిగి కడ్డీ మీ మీదకు తోసుకొస్తుంది. అది పాడైందని కాదు, "ఇక చాలు" అని చెప్పడం. ఎదురు తోయకండి. దానితో పట్టుదలకు పోయినవాళ్లే ఎక్కువగా కింద పడతారు.

ఇంకొకటి. దాన్ని వెనక్కి నడపకండి, ఎవరికైనా దారి ఇవ్వాలన్నా సరే. సెగ్వే కంపెనీ యజమాని జిమి హెసెల్డెన్ 2010లో ఇంగ్లండులో సెగ్వే మీద వెళ్తూ ఏటి గట్టు మీది నుంచి పడి చనిపోయాడు. కుక్కతో వస్తున్న మనిషికి దారి ఇవ్వడానికి వెనక్కి జరిగి ఉంటాడని విచారణలో తేలింది. పార్కులో అలాంటి గట్లు మీకు తగలవు, భయపెట్టడానికి చెప్పడం లేదు. మర్యాద చూపాలంటే ఆగి నిలబడండి, చాలు.

గైడును ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: బ్యాటరీలు ఎప్పుడు మార్చారు? దీన్ని కనిపెట్టిన డీన్ కామెన్ లోకానికి చూపించింది 2001 డిసెంబరులో, కంపెనీ తయారీ ఆపేసింది 2020లో. అంటే ఇప్పుడు టూర్లలో తిరిగేవన్నీ పాత బండ్లే. బాగా చూసుకుంటే ఏమీ కాదు. ప్రశ్న వినగానే గైడు ముఖం ఎలా మారుతుందో గమనించండి, జవాబు అందులోనే ఉంటుంది.

చెట్ల మనిషి:

నేను సెగ్వే ఎక్కలేదు, ఎక్కను. ఆ పార్కులో ఏళ్ల తరబడి నడుస్తున్నాను. హెల్మెట్లు పెట్టుకుని బాతుల వరుసలా వెళ్లే ఈ టూర్లను చూసి చాలాసార్లు నవ్వుకున్నాను. కానీ టీచరుగారూ, మీ మోకాలి సంగతి చదివాక నవ్వు ఆపేశాను. 1,017 ఎకరాల పార్కు అది, ఈ చివరి నుంచి సముద్రం దాకా దాదాపు 5 కిలోమీటర్లు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు 843 ఎకరాలే. గంట నడిచే కాళ్లతో అందులో మూడో వంతు కూడా చూడలేరు. వెళ్లండి. ఏం చూడాలో మాత్రం నేను చెబుతాను, గైడు చెప్పినా చెప్పకపోయినా.

మీ చక్రాల కింద ఉండేది ఇసుక. అడవిని చెక్కి చేసిన పార్కు కాదు. 1870లో విలియం హామండ్ హాల్ అనే యువ ఇంజినీరు కొలతలు తీసినప్పుడు అక్కడ చాలా భాగం గాలికి కదిలే ఇసుక దిబ్బలు. ఏది నాటినా వేరు పట్టేలోపే ఇసుక కప్పేసేది. గుర్రం మేత సంచిలోంచి ఒలికిన బార్లీ గింజలు మొలకెత్తడం చూసి ఉపాయం తట్టిందని చెబుతారు. కథ ఎంత నిజమో గానీ పద్ధతి మాత్రం నిజం. త్వరగా మొలిచే బార్లీ ఇసుకను కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది, ఆ నీడలో నిదానంగా పెరిగే లూపిన్ మొక్కలు వేళ్లూనుకుంటాయి, తరువాత గడ్డి, తరువాత చెట్లు. ఒక చంటిదాన్ని చూసుకోవడానికి అక్కనూ, అక్క తరువాత అమ్మనూ పెట్టినట్టు.

ఆ తరువాత వచ్చినవాడు జాన్ మెక్లారెన్, స్కాట్లండు తోటమాలి. 1943లో చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్లకు పైగా, ఆ పార్కు ఆయన చేతిలోనే ఉంది. ఆయనకు విగ్రహాలంటే గిట్టదు. నగరంలోని పెద్దమనుషులు ఎవరెవరివో విగ్రహాలు తెచ్చి పెడితే కాదనలేక, వాటి చుట్టూ గుబురు మొక్కలు నాటి కనబడకుండా చేసేవాడు. కాబట్టి పొద ఏదైనా అతిగా ఒత్తుగా కనిపిస్తే లోపలికి తొంగి చూడండి. "నిదానం" గారు దూరిన పొదలో ఎవరైనా ఉన్నారేమో ఆయనే చెప్పాలి.

చివరికి జనం ఆయనకే విగ్రహం చేయించారు. దాన్ని కూడా దాచేశాడట. ఆయన పోయాక బయటపెట్టి రోడోడెండ్రాన్ చెట్ల మధ్య నిలబెట్టారు. పీఠం లేదు, నేల మీదే నిలబడి చేతిలోని పైన్ కాయను చూసుకుంటూ ఉంటాడు. సెగ్వే టూర్లు దాని పక్కనుంచే సర్రున వెళ్లిపోవడం చూశాను. మీరు ఆపించండి.

పూల అద్దాల మేడ 1879 నాటిది, చెక్కా గాజూ తప్ప మరేమీ లేనట్టు ఉంటుంది. జపాన్ టీ తోట 1894 ప్రదర్శన కోసం పెట్టింది. రెండింటినీ ఎలాగూ చూపిస్తారు, అందరూ ఫొటోలు తీసుకుంటారు. పడమటి చివర గాలిమరలు కూడా చూపిస్తే అదృష్టం. 1903లో ఒకటి, 1908లో ఒకటి కట్టారు, అందం కోసం కాదు, ఇసుకలో నాటిన మొక్కలకు నీరు తోడడానికి.

పిక్కల నొప్పి:

పెద్దలు ముఖ్యమైనవి చెప్పారు, నేను కాళ్ల గురించి మాత్రం చెబుతాను. మోకాలికి నడక కంటే ఇది తేలికే, కానీ కదలకుండా నిలబడడం వేరే శిక్ష. గంట దాటగానే నాకు అరికాళ్లు తిమ్మిరెక్కాయి, పిక్కలు రాళ్లయ్యాయి. తెలియకుండానే కాలి వేళ్లతో పలకను గట్టిగా పట్టుకుంటాం, అదీ కారణం. బూట్లలో వేళ్లు ఆడిస్తూ ఉండండి, మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచండి, ఆగిన ప్రతిచోటా దిగండి, ఫొటో అక్కరలేకపోయినా సరే. చున్నీ వేసుకుంటే ముడివేసి లోపలికి దోపుకోండి. వేసవి కదా అని పల్చటి బట్టలతో వెళ్లకండి, జూలైలో కూడా మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి పొగమంచు వచ్చి పడుతుంది.

బరువు 45 కిలోలకు తగ్గితే యంత్రం మనిషిని సరిగ్గా పసిగట్టదు, 118 దాటితే మోయదు. మైకం, తల తిరగడం ఉంటే మాత్రం మానేయండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

లెక్కల టీచరు:

అందరికీ ధన్యవాదాలు. శనివారం వెళ్లి వచ్చాను. పడలేదు.

ముందు పావుగంట ఒక చదును చోట ప్లాస్టిక్ శంకువులు పెట్టి వాటి మధ్య తిప్పించారు. ఎక్కగానే అది ఊగింది, నేను కూడా ఊగాను, "రెండో కాలు, రెండో కాలు" అని పైకే అనుకుంటూ ఎక్కేశాను. అరచేతి మీద కర్ర అన్న మాట లేకపోతే ఎక్కేదాన్ని కాదు. ఆ మాటతో కోణం ఏదో, త్వరణం ఏదో అర్థమైపోయింది, ఇక భయపడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. గైడు ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు. బ్యాటరీల ప్రశ్న అడిగాను. ముఖం మారలేదు, నెలా సంవత్సరం చెప్పాడు. మా అబ్బాయి ముఖం మాత్రం మారింది.

సైకిలు బాగా తొక్కేది మా ఇంట్లో మా అబ్బాయి. పడింది కూడా వాడే. కాలిబాట అంచుకు ఒక చక్రం తగిలింది, గడ్డి మీదకు దొర్లాడు, దెబ్బ ఏమీ తగల్లేదు. కోడలు ఫోను తీసేలోపే లేచి నిలబడ్డాడు, అదొక్కటే ఆమెకు నిరాశ. ఈ నగరంలో కాలిబాటల మీద సెగ్వే నడపకూడదని 2002లోనే చేశారని గైడు అప్పుడు చెప్పాడు, కాస్త ముందే చెప్పి ఉండవలసింది. పార్కులో 2020 నుంచి కార్లు ఆపేసిన పెద్ద దారి ఒకటి ఉంది, దాని తూర్పు భాగంలో వెళ్తుంటే మాత్రం ఎంత హాయి. చెట్ల నీడ మనతోపాటు కదులుతున్నట్టు ఉంటుంది. నడిస్తే అలా ఉండదు, కారులో అసలే ఉండదు. "చెట్ల మనిషి" గారికి ఇది నచ్చదని తెలుసు.

ఇసుక కూడా చూశాను. సరస్సు దగ్గర, మొన్నటిదాకా స్టో లేక్, 2024 నుంచి బ్లూ హెరాన్ లేక్ అంటున్నారట, అక్కడ గట్టు ఒకచోట కొంచెం విరిగి ఉంది. దిగి చెప్పు మొనతో గీకితే లోపల ఇసుకే. బీచిలో ఉండేలాంటిదే. పైన అంత పెద్ద చెట్టు. బార్లీ సంగతి కోడలికి చెప్పాను, గైడు కూడా దగ్గరికి వచ్చి విన్నాడు.

గాలిమరల దాకా వెళ్లలేదు. గంటన్నర అయ్యేసరికి పిక్కలు నిజంగానే రాళ్లయ్యాయి. వేళ్లు ఆడించడం గుర్తున్నప్పుడల్లా ఆడించాను, మరిచిపోయినప్పుడల్లా పట్టేశాయి. మోకాలు ఏమీ అనలేదు.

తిరిగి వస్తుంటే రోడోడెండ్రాన్ల దగ్గర ఆపమన్నాను. అది టూర్‌లో లేదన్నాడు గైడు, రెండు నిమిషాలంటూ ఆపాడు. మెక్లారెన్ అక్కడే ఉన్నాడు, పీఠం లేకుండా, చేతిలోని కాయను చూసుకుంటూ. నేను దిగలేదు. సెగ్వే పలక జానెడు ఎత్తు ఉంటుంది కదా, ఆ ఎత్తుతో ఆయన కళ్లూ నా కళ్లూ సరిగ్గా సమానం అయ్యాయి. ఆయన మాత్రం కాయ మీదినుంచి చూపు తిప్పలేదు. కోడలు ఫొటో తీసింది. అందులో నేను నవ్వుతున్నాను, మా అబ్బాయి వెనకాల ప్యాంటుకు అంటిన గడ్డి దులుపుకుంటున్నాడు.