లారీ ఇంజన్‌కు బైపాస్ ఆయిల్ ఫిల్టర్‌ను ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా? పైపులు ఎక్కడి నుంచి తీయాలి, ఎక్కడికి కలపాలి?

ప్రశ్న: లారీ యజమాని, హయత్‌నగర్

అందరికీ నమస్కారం. నా దగ్గర 2018 మోడల్ పది చక్రాల లారీ ఒకటి ఉంది. ఇంజన్ ఆరు సిలిండర్ల బీఎస్-4 రకం, టర్బో (గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపేది), ఈజీఆర్ (పొగలో కొంతను మళ్లీ సిలిండర్లలోకి పంపేది) రెండూ ఉన్నాయి. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లో సుమారు పదహారు లీటర్ల ఆయిల్ పడుతుంది. మేళ్లచెరువు, జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్ నగరానికి సిమెంటు తోలుతుంటాను. ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే డిప్‌స్టిక్ మీద కాటుకలా నల్లగా కనిపిస్తోంది. ఇంజన్‌తో పాటు వచ్చిన ఫిల్టర్ కాక, పక్కన మరొక సన్న ఫిల్టర్ పెట్టి కొద్దికొద్దిగా ఆయిల్‌ను దాని గుండా తిప్పితే ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుందని తోటి యజమానులు చెబుతున్నారు.

ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే లారీ నిలుపుతాను. బెల్టులు, ఫిల్టర్లు, బ్రేకు లైనింగులు మార్చే పనులు నేనే చేసుకుంటాను కాబట్టి ఇదీ చేసుకోగలనని నమ్మకం ఉంది. ఆయిల్‌ను ఇంజన్‌లో ఎక్కడి నుంచి తీసుకోవాలో, తిరిగి ఎక్కడ వదలాలో, ఏ రకం హోస్ పైపు వాడాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరు. ఈ ఫిల్టర్ పెట్టాక ఆయిల్ మార్చే గడువును రెట్టింపు చేయవచ్చని అమ్మకందారు అంటున్నాడు. అది ఎంతవరకు నిజమో కూడా చెప్పండి.

మొదటి సమాధానం: డీజిల్ మెకానిక్, ఆటోనగర్

అన్నగారూ, పని మీ చేతనవుతుంది. అయితే ఫిల్టర్ డబ్బా బిగించడం కంటే దానికి వచ్చే పోయే పైపుల పనే ముఖ్యమని ముందుగా గ్రహించండి. ఫిల్టర్ సరిగా పనిచేయకపోతే మీకు లాభం తగ్గుతుంది, అంతే. పైపు ఊడితే మాత్రం ఇంజన్ పోతుంది, వేడి టర్బో మీద ఆయిల్ చిమ్మితే లారీయే అంటుకుంటుంది.

ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పంపు తోసే మొత్తం ఆయిల్‌ను ఆపకుండా వదలాలి కాబట్టి దాని కాగితం మరీ సన్నగా ఉండడానికి వీల్లేదు. సాధారణంగా ఇరవై నుంచి నలభై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను పట్టుకుని, అంతకన్నా సన్నవాటిని చాలావరకు పోనిస్తుంది. బైపాస్ ఫిల్టర్ పంపు ఆయిల్‌లో నూటికి ఐదు నుంచి పది వంతులను మాత్రమే తీసుకుని, మందమైన పత్తి లేదా కాగితపు దిండు గుండా నెమ్మదిగా పంపి, రెండు మూడు మైక్రాన్ల కణాలను కూడా ఆపుతుంది. బేరింగుకూ క్రాంకు షాఫ్టుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర నడుస్తున్న ఇంజన్‌లో చాలాసార్లు ఇరవై మైక్రాన్ల కంటే పలుచగానే ఉంటుంది కాబట్టి, పెద్ద ఫిల్టర్ వదిలేసే ఆ సన్న కణాలే అరుగుదలకు కారణమవుతాయి.

ఆయిల్‌ను మెయిన్ గ్యాలరీలో (ఇంజన్ బ్లాకులో ఆయిల్‌ను పంచే ప్రధాన దారి) ప్రెషర్ స్విచ్ (ఆయిల్ ఒత్తిడి పడిపోతే డాష్‌బోర్డు లైటు వెలిగించేది) ఉన్న రంధ్రం నుంచి తీసుకోవడం తేలిక. అక్కడికి వచ్చే ఆయిల్ అప్పటికే పెద్ద ఫిల్టర్ దాటి వస్తుంది. కానీ ఇత్తడి టీ జాయింటును (మూడు నోళ్ల కలుపు) నేరుగా ఇంజన్ బ్లాకుకు బిగించి, దానికి స్విచ్‌నూ పైపునూ వేలాడదీయకండి. ఆరు సిలిండర్ల డీజిల్ వణుకుకు అది కొంతకాలానికి మెడ దగ్గర చిట్లుతుంది. బ్లాకులో ఒక స్టీలు నిప్పిల్ (మర ఉన్న పొట్టి గొట్టం) మాత్రమే బిగించి, అక్కడి నుంచి పొట్టి హోస్ తీసి, ఇంజన్ బ్రాకెట్ మీద గట్టిగా కూర్చోబెట్టిన టీ దాకా తీసుకెళ్లి, స్విచ్‌ను ఆ టీకి మార్చండి. ఒకే వైరు ఉన్న స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది. దాన్ని రబ్బరు హోస్ చివరకు మారిస్తే ఎర్త్ తెగిపోతుంది, ప్రెషర్ పడిపోయినా డాష్‌బోర్డు లైటు వెలగదు. అందుకని టీ నుంచి బ్లాకుకు విడిగా ఎర్త్ వైరు వేసి, ఇంజన్ స్టార్టు చేయకముందు తాళం తిప్పి ఆ లైటు వెలుగుతోందో లేదో చూడండి.

ఇక సన్న రంధ్రం సంగతి. బైపాస్ లైనులో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న జెట్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. మూడు మూడున్నర బార్ల ప్రెషర్ దగ్గర దాని గుండా నిమిషానికి రెండు లీటర్లకు లోపే ఆయిల్ పోతుంది. అంత సన్నధార చాలా అని సందేహించకండి, ఫిల్టర్ దిండు అడ్డును లెక్కలోకి తీసుకున్నా గంట సేపు నడిస్తే మీ పదహారు లీటర్లకు సమానమైన ఆయిల్ నాలుగైదు సార్లు దాని గుండా తిరుగుతుంది. కొన్ని కిట్లలో ఈ జెట్ ఫిల్టర్ డబ్బా దగ్గర ఉంటుంది. నేను మాత్రం ఇంజన్ వైపు, టీ నుంచి ఫిల్టర్‌కు వెళ్లే లైను మొదటి నిప్పిల్‌లోనే ఉండాలంటాను. డబ్బా దగ్గర ఉంటే, మధ్యలో హోస్ పగిలినప్పుడు గ్యాలరీ ప్రెషర్ మొత్తం ఆ పగులు గుండా బయటికి కొట్టి, కొద్దిసేపట్లోనే చాంబర్ ఖాళీ అవుతుంది. ఇంజన్ వైపు ఉంటే అదే పగులు నుంచి సన్నటి ధార మాత్రమే కారుతుంది, డ్రైవర్ గమనించి పక్కకు ఆపడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. ఎక్కువ ఆయిల్ శుభ్రమవుతుందన్న ఆశతో జెట్ రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయించవద్దు. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ అసలే తక్కువగా ఉంటుంది, మరింత పడిపోతే ముందుగా దెబ్బతినేది టర్బో బేరింగులే.

తిరిగి వచ్చే ఆయిల్‌ను టాపెట్ కవర్‌లోకి (ఇంజన్ పైన వాల్వుల మీది మూత) గానీ ఆయిల్ పోసే మూతలోకి గానీ వదలండి. అదనంగా ఒక మూత కొని, దానికి రంధ్రం చేసి, రెండు వైపులా నట్లు ఉండే నిప్పిల్ బిగిస్తే ఇంజన్‌ను ముట్టుకోకుండానే పని అవుతుంది. టాపెట్ కవర్‌కు రంధ్రం చేయాలంటే దాన్ని ఊడదీసి చేయాలి తప్ప ఇంజన్ మీద ఉండగా చేయరాదు, ఇనుప రజను లోపల పడుతుంది. డ్రెయిన్ బోల్టు స్థానంలో రిటర్న్ పైపు పెట్టే పద్ధతి కూడా ఉంది కానీ, క్వారీ దారుల్లోనూ ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా రాయి తగిలే చోటు అదే కాబట్టి మీకు వద్దంటాను. టర్బో నుంచి చాంబర్‌కు దిగే పైపులో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. ఆ పైపు ఖాళీగా, ధారాళంగా పారాలి, లేకపోతే టర్బో సీళ్ల నుంచి ఆయిల్ తన్నుకొస్తుంది.

రెండవ సమాధానం: లూబ్రికెంట్ల రంగంలో పనిచేసే ఇంజనీరు, బాలానగర్

బిగించే విధానం గురించి పై సమాధానం ఎంతో చక్కగా ఉంది, దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆయిల్ మార్చే గడువు గురించి మీరు అడిగిన ప్రశ్నకు మాత్రమే నేను జవాబిస్తాను.

ముందుగా నలుపు సంగతి. ఈజీఆర్ ఉన్న ఇంజన్‌లో పొగ కొంత మళ్లీ సిలిండర్లలోకి వెళ్తుంది కాబట్టి ఆయిల్‌లో మసి త్వరగా చేరుతుంది. ఆ మసి విడి రేణువు ఒక మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు. మంచి సీఐ-4 ప్లస్ నాణ్యత, 15డబ్ల్యూ-40 చిక్కదనం గల ఆయిల్‌లోని డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే రసాయనాలు ఆ రేణువులను ముద్ద కట్టనీయకుండా విడివిడిగా తేలుస్తాయి కాబట్టే ఆయిల్ నల్లగా కనిపిస్తుంది. ఆయిల్ తన పని తాను చేస్తోందనడానికి అదే గుర్తు. బైపాస్ ఫిల్టర్ ముద్ద కట్టిన మసిని పట్టుకుంటుంది కానీ విడి రేణువులన్నిటినీ పట్టలేదు. కనుక ఫిల్టర్ పెట్టాక కూడా ఆయిల్ నల్లగానే కనిపిస్తే నిరాశ పడకండి.

రెండో విషయం, ఫిల్టర్ ఆపగలిగేది కణాలనే. ఆమ్లాలను ఎదుర్కొనే క్షార నిల్వ, అంటే టీబీఎన్, ఆయిల్ నడిచేకొద్దీ ఖర్చవుతుంది. దాన్ని ఏ ఫిల్టరూ తిరిగి నింపలేదు. ఇంజెక్టర్ కారి డీజిల్ కలిసినా, హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ కలిసినా ఫిల్టర్ ఏమీ చేయలేదు. అందువల్ల గడువును అమ్మకందారు మాట మీద రెట్టింపు చేయడం తప్పు. మామూలు గడువు దగ్గర పడినప్పుడు వేడి ఆయిల్ నుంచి శాంపిల్ తీసి, ల్యాబులో మసి శాతం, నూరు డిగ్రీల దగ్గర చిక్కదనం, టీబీఎన్, ఇనుము, రాగి, సిలికాన్, డీజిల్ కలయిక చూపించండి. అన్నీ బాగుంటే కొద్దిగా పొడిగించి మళ్లీ పరీక్ష చేయించండి. శాంపిల్‌ను బైపాస్ ఫిల్టర్ దాటిన పైపు నుంచి తీయకండి, అక్కడి ఆయిల్ ఇంజన్‌లో ఉన్నదాని కంటే శుభ్రంగా కనిపించి మిమ్మల్ని మోసగిస్తుంది.

ఈ పద్ధతికి ఆధారం లేకపోలేదు. అమెరికాలోని ఐడహో నేషనల్ లాబొరేటరీ తన డీజిల్ బస్సులకు 2002 నుంచి ఇలాంటి ఫిల్టర్లు పెట్టి, కిలోమీటర్ల లెక్క మీద కాకుండా ఆయిల్ పరీక్ష ఫలితాల మీద ఆయిల్ మారుస్తూ, మార్పుల సంఖ్యను బాగా తగ్గించగలిగింది. అంతకుముందు 1988లో జనరల్ మోటార్స్ వారి సాంకేతిక పత్రం ఒకటి, నలభై మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే పదిహేను మైక్రాన్ల ఫిల్టర్‌తో అరుగుదల డెబ్బై శాతం తగ్గిందని చూపింది. అయితే అది కావాలని దుమ్ము కలిపి చేసిన పరీక్ష కాబట్టి రోడ్డు మీద అంతే ఫలితం వస్తుందని అనుకోకూడదు.

దుమ్ము అన్నాను కాబట్టి ఒక మాట. మీరు తోలేది సిమెంటు, లోడింగు దగ్గర గాలి నిండా పొడే ఉంటుంది. రిపోర్టులో సిలికాన్ (దుమ్ముకు గుర్తు), ఇనుము (అరుగుదలకు గుర్తు) రెండూ కలిసి పెరిగాయంటే ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉన్న రబ్బరు పైపులు, క్లాంపులు ముందు చూసుకోండి. ఆ దారి మూయకుండా ఆయిల్ వైపు ఎంత సన్న ఫిల్టర్ పెట్టినా లైనర్లు, రింగులు అరుగుతూనే ఉంటాయి.

ప్రశ్నించినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎయిర్ పైపు చూశాను. టర్బో దగ్గర మోచేయి వంపు రబ్బరు అడుగున వేలు పెడితే తగిలేంత పగులు ఉంది, పైనుంచి చూస్తే కనిపించదు. దాన్ని మార్చిన తర్వాతే ఫిల్టర్ పని మొదలుపెడతాను. ఇక హోసులు రాణిగంజ్‌లో కొనాలనుకుంటున్నాను. ప్రెషర్ స్విచ్ రంధ్రానికి ఏ మర ఉందో ఎలా గుర్తించాలి? మామూలు హైడ్రాలిక్ హోస్ సరిపోతుందా? ఫిల్టర్‌ను ఛాసిస్‌కు బిగించాలా, ఇంజన్‌కు బిగించాలా?

మూడవ సమాధానం: హైడ్రాలిక్ హోసులు, ఫిట్టింగుల వ్యాపారి, రాణిగంజ్

మర గురించి అంచనాతో రాకండి, స్విచ్‌నే విప్పి వెంట తీసుకురండి. ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీ, అదే కొలత ఎన్‌పీటీ, ఎం10 మెట్రిక్, ఈ మూడు రకాల మరలూ కంటికి ఒకేలా ఉంటాయి. అంగుళానికి బీఎస్‌పీలో ఇరవై ఎనిమిది చుట్లు, ఎన్‌పీటీలో ఇరవై ఏడు. ఒకదానిలో మరొకటి రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కి, తర్వాత బిగుసుకుంటుంది. బిగిసింది కదా అని స్పానర్‌తో బలం పెడితే బ్లాకులోని మర చెడుతుంది, అది సరిచేయడం మీరు చేయబోయే పని మొత్తం కంటే పెద్ద పని. థ్రెడ్ గేజ్ పెట్టి చూసి ఇచ్చే దుకాణంలోనే కొనండి. సమాంతర మర (చివరికి సన్నబడనిది) అయితే రాగి వాషరు లేదా లోపల రబ్బరు అంచు ఉన్న డౌటీ వాషరు వేయాలి, టెఫ్లాన్ టేపు కాదు. టేపు ముక్క ఊడి లోపలికి పోయిందంటే సరిగ్గా ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల జెట్‌కే అడ్డం పడుతుంది.

మామూలు ఆర్1, ఆర్2 రకం రబ్బరు హోసులు ప్రెషర్‌కు కావలసినదానికంటే ఎక్కువే తట్టుకుంటాయి, కానీ వాటిలో చాలావాటికి వేడి పరిమితి నూరు డిగ్రీలు. ఎండాకాలంలో నిండు లోడుతో వెళ్లే ఇంజన్ ఆయిల్ ఆ గీత దాటుతుంది. అందుకని లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టీలు అల్లిక ఉన్న హోస్ తీసుకోండి, చివర్లు మెషీన్‌తో ప్రెస్ చేయించండి. గాల్వనైజ్డ్ క్లాంపుతో బిగించే డీజిల్ పైపు ఇక్కడ పనికిరాదు. ఆయిల్ వెళ్లే వైపు పావు అంగుళం చాలు. తిరిగి వచ్చే వైపు అర అంగుళం ఉండి, ఫిల్టర్ నుంచి మూత దాకా ఎక్కడా ముడత పడకుండా ఉండాలి.

ఫిల్టర్ ఎక్కడ అంటే ఛాసిస్‌కే. సైలెన్సర్ పైపుకు ఎదుటి పక్కన, బ్యాటరీ పెట్టెకూ ఇంజన్‌కూ మధ్య సాధారణంగా చోటు దొరుకుతుంది. ఛాసిస్‌లో కంపెనీ వదిలిన రంధ్రాలే వాడండి. కొత్త రంధ్రం తప్పదంటే నిలువు రేకులో మాత్రమే చేయాలి. పై అంచుకు, కింది అంచుకు డ్రిల్లు తగలకూడదు, వెల్డింగు అసలే వద్దు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు కాబట్టి రెండింటి మధ్య హోస్‌ను బిగుతుగా లాగకుండా ఒక వంపు వదలండి. రేకు అంచు తగిలేచోట రబ్బరు తొడుగు వేయండి. స్టీలు అల్లిక తాను తెగకపోయినా, దాన్ని రాసుకునే వైర్లను కోసేస్తుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారి చివరి మాట

అన్నగారూ, పగిలిన రబ్బరును ముందు మార్చాలన్న మీ నిర్ణయం సరైనది. అన్నీ బిగించాక ఇంజన్ స్టార్టు చేసి ఐడిల్‌లో ఉంచి, ప్రెషర్ లైటు ఆరిందో లేదో చూసి, తిరిగి వచ్చే పైపును ఒక్కసారి మూత దగ్గర విప్పి సన్నటి ధార వస్తోందని నిర్ధారించుకోండి. ఫిల్టర్ దిండు తడిసి నిండడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి వెంటనే రాకపోతే కంగారు పడనవసరం లేదు. తర్వాత ఆపి, ఆయిల్ చాంబర్‌లోకి దిగే వరకు ఆగి, డిప్‌స్టిక్ చూసి, ఫిల్టర్ డబ్బా పీల్చుకున్నంత ఆయిల్ పోయండి. మొదటి లోడుకు వెళ్లేటప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక పక్కకు ఆపి, వేడి మీద ప్రతి జాయింటునూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. చెమ్మ కనిపించిన జాయింటును అక్కడే మరింత బిగించకండి, ఇంటికి తెచ్చి చల్లారాక వాషరు మార్చండి. పాత ఆయిల్‌ను, నానిన ఫిల్టర్ దిండును ఖాళీ స్థలంలో పారేయకుండా డబ్బాలో పట్టి ఉంచండి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరవేసే సేకరణదారులు ఆటోనగర్‌కు వస్తుంటారు.